మా బూడిద దిబ్బను ట్రాక్టర్లకెత్తనివ్వకండి: అధికారులకు, ఆచార్యులకు బహిరంగ లేఖ

జిల్లా పాలనాధికారులకు, రెవెన్యూ, గనులు, పురావస్తు శాఖల అధికారులకు, విశ్వవిద్యాలయాల్లో చరిత్ర, పురావస్తు శాస్త్రం చెప్పే ఆచార్యులకు,

నమస్కారం.

నేను రాయలసీమలో నాలుగెకరాల మెట్ట సేద్యం చేసుకునే రైతును. చరిత్రలో ఎం.ఏ. చదివాను. నాన్న పోయాక భూమి చూసుకునేవాళ్లు లేక ఊరికి తిరిగొచ్చాను. మా చేనికి ఆనుకుని ఒక బూడిద దిబ్బ ఉంది, వేల ఏళ్ల కిందటి పశువుల మందల ఆనవాలు అది. దాన్ని కాపాడమని రెండేళ్లలో మూడు అర్జీలు పెట్టుకున్నాను. మొదటిదానికి రసీదు ఇచ్చారు, అంతే. రెండోదాన్ని ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపితే, వాళ్లు తమ పరిధి కాదని తిప్పి పంపారు. మూడోది ఇవ్వడానికి వెళ్లినప్పుడు బల్ల అవతల కూర్చున్న ఉద్యోగి మొత్తం చదివి, "బూడిదకు కూడా అర్జీనా?" అని అడిగారు. ఆయన ఎగతాళి చేయలేదు. నిజంగానే తెలియక అడిగారు. వెనక ఇరవై మంది వరసలో ఉన్నారు. నిలబడిన పాటున రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు చేతకాలేదు. ఆ జవాబే ఇప్పుడు అందరి ముందు పెడుతున్నాను.

ముందు జరిగింది చెప్తాను. మొన్న మాఘమాసంలో జేసీబీ వచ్చింది. మూడు రోజులు పని చేసింది. దిబ్బ తూర్పు వైపును నిలువునా కోసి, ట్రాక్టర్లకెత్తి, ఊరి బయట వేస్తున్న ప్లాట్లకు మెరక తోలారు. ఎవరు తోలించారో ఊరందరికీ తెలుసు. పేరు ఇక్కడ రాయను, ఈ లేఖ ఒక మనిషి మీద ఫిర్యాదు కాదు గనక. నాలుగో రోజు పొద్దున నేను ఆ కోసిన గోడ ముందు నిలబడ్డాను.

పైన జానెడు మట్టి. దాని కింద తెల్లటి మెత్తటి బూడిద, వేలు పెడితే విభూతిలా అంటుకుంటుంది. దాని కింద సన్నటి నల్ల గీత. మళ్లీ బూడిద. ఆ కింద గాజులా కరిగి గడ్డకట్టిన పొర. మా ఊళ్లో ఆ గడ్డలను చిట్టెం రాళ్లంటారు, ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెంలాగే బుడగలు బుడగలుగా ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే మాత్రం తేలిక. ఇంకా కిందికి పోతే కాలని పేడ పొర, ఎండిపోయి పలకలు పలకలుగా ఉంది. ఎన్ని పొరలున్నాయో లెక్కపెట్టబోయి పదకొండు దగ్గర ఆగాను. అక్కణ్ణుంచి కిందంతా మట్టి జారిపడి మూసుకుపోయింది. నా నడుమెత్తున ఒక పొరలో ఎముక ముక్క, దాని పక్కనే బూడిద రంగు కుండ పెంకు కనిపించాయి. నేను దేన్నీ తీయలేదు. ఎక్కడ దొరికిందో, ఏ పొరలో దొరికిందో రాసుకోకుండా తీసిన పెంకు ఉత్త పెంకే అవుతుందని చదువుకున్నవాణ్ణి.

మా నాయనమ్మ ఈ దిబ్బను రాక్షసుల బూడిద అనేది. ఇలాంటి కథలు ఒక్క మా ఊరివే కావు. హంపి దగ్గర నింబాపురంలో ఇలాంటి దిబ్బనే వాలిని దహనం చేసిన చోటుగా చూపిస్తారు. చదువుకున్నవాళ్లు కూడా వందేళ్లకు పైగా తలో మాటా అన్నారు. బళ్లారి వైపు దిబ్బల గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1843లో రాశాడు. అగ్నిపర్వతాలు కక్కిందన్నవాళ్లున్నారు, పాత కొలుముల చిట్టెమన్నవాళ్లున్నారు. ఇది కాలిన పేడ అని భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ అన్నాడు. మాట తేలింది మాత్రం 1957లో, పురావస్తు శాస్త్రవేత్త ఎఫ్.ఆర్. ఆల్చిన్ ఉట్నూరులో తవ్వాక. ఆదిలాబాద్ ఉట్నూరు అనుకునేరు, ఇది ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో కృష్ణకు దగ్గరగా ఉన్న ఊరు. బూడిద కింద వరసగా గుంజలు పాతిన గుంతలు బయటపడ్డాయి. అది పశువుల దొడ్డి. దొడ్డి నేల మీద ఆవుల గిట్టల ముద్రలు అచ్చుగుద్దినట్టు మిగిలి ఉన్నాయి. బురదలో పడిన గిట్ట ముద్ర మీద బూడిద కప్పుకుని, నాలుగు వేల ఏళ్లకు పైగా చెదరకుండా నిలిచింది. 1960లో ఫ్రెడరిక్ జోయ్నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో పరీక్షించి, ఇది పేడ బూడిదేనని రుజువు చేశాడు.

అంటే సంగతి ఇదీ. మందను ఏటా ఒకే చోట నిలిపేవాళ్లు. పేడ పేరుకునేది. ఏదో ఒక అదను చూసి దాన్ని తగలబెట్టేవాళ్లు. మళ్లీ గుంజలు పాతి మంద నిలిపేవాళ్లు. మళ్లీ పేడ, మళ్లీ మంట. నేను లెక్కపెట్టిన పదకొండు పొరలూ అవే. ఎందుకు తగలబెట్టారన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. రోగాలు పోవాలనా, పండుగనా, దొడ్డి మార్చేటప్పటి మొక్కుబడా? ఆల్చిన్ ఈ మంటలను మన పండుగ మంటలతో పోల్చి చూశాడు. భోగినాడు పిడకలు మంటలో వేసి, కనుమనాడు పశువులను కడిగి పసుపు కుంకుమ పెట్టే మనకు ఆ పోలిక వినగానే నచ్చుతుంది. అది ఊహే, రుజువు కాదు. రుజువు ఏదైనా దొరికితే అది ఇలాంటి దిబ్బల్లోనే దొరకాలి.

కృష్ణా తుంగభద్రల చుట్టుపక్కల, మన అనంతపురం, కర్నూలు, పాలమూరు మొదలు రాయచూరు, బళ్లారి, కలబురగి దాకా ఇలాంటి దిబ్బలు దాదాపు వంద తెలుసు. అనంతపురం జిల్లా పాలవాయి దిబ్బ మీద శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామిరెడ్డి పని చేశారు. కర్ణాటకలోని బుదిహాళ్‌ను దక్కన్ కళాశాల ఆచార్యులు కె. పద్దయ్య ఏళ్ల తరబడి తవ్వి, దొడ్డి పక్కనే మనుషులు కాపురమున్న ఇళ్లను, పశువులను కోసి పంచుకున్న నేలను కూడా గుర్తించారు. తవ్వినవి కొన్నే. మాది తవ్వనివాటిలో ఒకటి. నేను వెతికిన ఏ జాబితాలోనూ లేదు.

మనిషి వేట మాని సేద్యం పట్టిన కథ అనగానే అందరూ పశ్చిమాసియా వైపు చూస్తారు. అక్కడ దాదాపు 11,000 ఏళ్ల కిందటే గోధుమ, బార్లీ సాగు మొదలయ్యాయి. మన వైపు బెలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో 9,000 ఏళ్ల కిందటే పంటా పశువూ రెండూ ఉన్నాయి. చైనాలో యాంగ్జీ నది వెంట వరి. ఇవన్నీ నిజమే. కానీ దక్కను మెట్ట నేల మీద ఆ కథ ఇంకో దారిన నడిచింది, ఆ దారి చెరిగిపోతోందన్నదే నా బాధ.

ఇక్కడి మనిషి వేల తరాలు వేటాడీ ఏరుకునీ బతికాడు. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో ఒక రాతి చరియ కింద దాదాపు 35,000 ఏళ్ల కిందటి నుంచి గోరంత రాతి పలుకులు చెక్కుకుని, కర్రకు బిగించి వాడిన ఆనవాళ్లు దొరికాయి. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1880ల్లోనే ఫూట్, ఆయన కొడుకు తవ్వి జంతువుల ఎముకలు బుట్టలకొద్దీ తీశారు. అలాంటి నేల మీద దాదాపు 5,000 ఏళ్ల కిందట ఆవులు, గొర్రెలు, మేకలు తోలుకుని తిరిగే జనం కనిపిస్తారు. ఇక్కడ మంద ముందొచ్చింది, చేను వెనకొచ్చింది. గోధుమతో మొదలైన దేశాల కథతో దీన్ని కలిపి ఒకే గాటన కడితే అర్థం కాదు.

ఆ వెనకొచ్చిన చేనులో ఏం పండించారన్నది తెలిసింది ఈమధ్యనే. డోరియన్ ఫుల్లర్, రవి కోరిశెట్టర్, మన పి.సి. వెంకటసుబ్బయ్య కలిసి పాత ఊళ్ల మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మసి గింజలను, అంటే అప్పట్లో కాలి నల్లబడి మిగిలిన గింజలను, జల్లెడ పట్టి ఏరారు. కడప జిల్లా పెద్దముడియం, హనుమంతరావుపేట కూడా వాళ్లు చూసిన చోట్లలో ఉన్నాయి. ఎక్కువగా దొరికినవి ఉలవలు, పెసలు, అండుకొర్రలు, ఇంకా ఇవాళ మనం కలుపనుకుని పీకేసే, బట్టలకు అంటుకునే ఒక కొర్రజాతి గడ్డి గింజలు. ఈ నాలుగూ ఎక్కణ్ణుంచో తెచ్చినవి కావు. ఈ దక్షిణాది నేల మీద అడవిలో మొలిచినవాటిని ఇక్కడివాళ్లే మచ్చిక చేసుకున్నారని ఆ పరిశోధకులు తేల్చారు. గోధుమ, బార్లీ ఆ తర్వాత ఉత్తరాది నుంచి కొద్దికొద్దిగా వచ్చాయి. సజ్జ, అనుము ఆఫ్రికా నుంచి వచ్చాయి. మనకు బువ్వంటే వరే అయిపోయింది గానీ, ఈ మెట్టల్లో వరి చాలా వెనక.

మచ్చిక అన్న మాటను కాస్త వివరిస్తాను, ఇది పుస్తకంలో కన్నా చేలోనే బాగా తెలుస్తుంది. అడవి పెసర కాయ ఎండగానే మెలితిరిగి చిట్లి, గింజను దూరంగా విసిరేస్తుంది. దాని సంతతి పెరగాలంటే అదే మేలు. మనిషికి మాత్రం అది నష్టం. చిట్లకుండా చెట్టు మీదే నిలిచిన కాయలే అతని బుట్టలోకొస్తాయి. వాటిలో కొన్ని తింటాడు, కొన్ని వచ్చే వానకు చల్లుతాడు. అలా ఏటికేడు చిట్లని కాయల సంతతే చేను నిండుతుంది. అడవి గింజకు తోలు కూడా గట్టి. ఒకే వానకు అన్నీ మొలవవు, కొన్ని ఈ ఏడు, కొన్ని పై ఏడు. చల్లిన వెంటనే మొలిచినవే కోతకొచ్చి మళ్లీ విత్తనమవుతాయి. ఇదంతా ఎవరో కూర్చుని ఆలోచించి చేసింది కాదు. వందల ఏళ్లు, బహుశా ఇంకా ఎక్కువ, ఆడవాళ్లూ మగవాళ్లూ కోసి, దంచి, దాచి, చల్లిన పనిలోంచి దానంతటదే జరిగింది. మా ఇంట్లో ఇప్పటికీ పెసర కాయ కోయాలంటే మంచు తడి ఆరకముందే చేలో ఉంటాం. ఎండెక్కితే టప్‌మని చిట్లుతుంది. ఇన్ని వేల ఏళ్లయినా పెసర తన అడవి బుద్ధి పూర్తిగా మానుకోలేదు.

సేద్యం వచ్చాక బతుకు సుఖమైపోయిందనీ నేను అనను. సిరియాలో అబు హురేరా అనే ఊరుంది. అక్కడ దొరికిన ఆడవాళ్ల ఎముకల్లో కాలి బొటనవేళ్లు, మోకాళ్లు అరిగి వంకరపోయి ఉన్నాయి. గంటల తరబడి మోకాళ్ల మీద కూర్చుని గింజలు నూరినందువల్ల అని తేల్చారు. తిండి గ్యారంటీ కోసం ఆ ఆడవాళ్లు ఎముకలతో వెల కట్టారు. ఇంకో మాట. ఆ ఊరు ఇవాళ లేదు. ఆనకట్ట కడుతున్నారని తెలిసి 1972, 1973 సంవత్సరాల్లో హడావిడిగా తవ్వి, మట్టిని కడిగి, గింజలు ఏరి రాసుకున్నారు. తర్వాత నీళ్లు ముంచేశాయి. ఆ రెండేళ్ల పని లేకపోతే ఆ ఆడవాళ్ల మోకాళ్ల సంగతి లోకానికి తెలిసేదే కాదు. మన దగ్గరా ఇలాంటి మేలు ఒకసారి జరిగింది. నాగార్జునసాగర్ నీళ్లొచ్చేలోపు, 1954 నుంచి నాగార్జునకొండ లోయను తవ్వారు. బౌద్ధ స్తూపాలే కాదు, కొత్త రాతియుగం మనుషుల ఆనవాళ్లూ అక్కడ బయటపడ్డాయి. అంత పెద్ద ఆనకట్ట కోసం ఆగి తవ్వించిన ప్రభుత్వానికి, నాలుగు ట్రాక్టర్లను ఆపడం కష్టమని నేను అనుకోను.

ఇక ఈ దిబ్బ పోతే మామూలు మనుషులకు పోయేదేమిటో చెప్తాను.

1. పోయిన పొర తిరిగి రాదు. గుడి కూలితే రాళ్లు పేర్చి మళ్లీ నిలబెట్టవచ్చు. దిబ్బలో విలువంతా ఏది పైన ఉంది, ఏది కింద ఉంది అన్న వరసలోనే ఉంది. కింది పొరలో ఆవు ఎముకలే ఉండి, పై పొరలో ఉలవ గింజ కనబడితే, మంద నుంచి చేనుకు మారిన కాలం అక్కడ దొరికినట్టు. జేసీబీ తొట్టి ఒక్క ఊపున ఆ రెంటినీ కలిపేస్తుంది. మెరక తోలిన ప్లాట్ల కింద ఇప్పుడు ఆ మట్టి ఉంది. దాన్ని వెనక్కి తెచ్చినా అది దేనికీ సాక్ష్యం చెప్పదు.

2. అది పశువుల దొడ్డి మాత్రమే కాకపోవచ్చు. బుదిహాళ్ లాంటి చోట్ల చనిపోయిన చంటిబిడ్డలను కుండల్లో పెట్టి ఇళ్ల దగ్గరే పూడ్చారు. మా దిబ్బ పక్కన కూడా కాపురాలు ఉండి ఉంటే, ఆ బిడ్డలు ఇప్పుడు ట్రాక్టర్ టైర్ల కింద ఉండొచ్చు. సమాధుల మీద నడవడానికి జంకే మనం ఈ మాట తెలిసీ ఊరుకుంటామా?

3. కరువు సీమ రైతుకు ఇందులో పని ఉంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల మాది. దాదాపు 4,000 ఏళ్ల కిందట వానకారు బలహీనపడిందని వాతావరణ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. సరిగ్గా ఆ కాలంలోనే ఇక్కడివాళ్లు ఉలవ, అండుకొర్ర చల్లుకుని నిలదొక్కుకున్నారు. ఏ గింజను ఏ గింజతో కలిపారు, మందకు ఏం మేపారు, కరువు ఏడాది ఏం చేశారన్నది ఆ మసి గింజల్లోనూ ఎముకల్లోనూ ఉంది. ఉలవ గురించి ఇంకొక్క మాట. ఈ నేల మీద పుట్టిన పంట, బోరు ఎండినా వాన మొండికేసినా ఎద్దుకూ మనిషికీ తిండి పెట్టిన పంట, ఇవాళ కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలోనే లేదు. మా నేల చరిత్రకు విలువ కట్టకపోవడానికీ మా పంటకు వెల కట్టకపోవడానికీ సంబంధం ఉందనే నేను నమ్ముతాను.

4. రాజులకు శాసనాలున్నాయి, గుళ్లున్నాయి. మంద తోలుకుని బతికినవాళ్లకు ఏముంది? మా ఊళ్లో గొర్రెల కాపరులు ఇప్పటికీ ఎండాకాలం చేలల్లో మంద పెడతారు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే ఆ ఎరువుకు రైతు గింజలో డబ్బో ఇస్తాడు. దిబ్బను కోసిన రోజు ఒక పెద్ద కాపరి వచ్చి ఆ పేడ పొరను చూసి, "ఇది ఆవుల మందే, గొర్రె పెంటిక ఇట్లా పలకగా కట్టదు" అన్నాడు. నా ఎం.ఏ. చదువు ఆ మాట చెప్పలేకపోయింది. ఆ పాతవాళ్లే వీళ్ల పూర్వీకులని నేను అనను, అలా తేల్చే ఆధారం నా దగ్గర లేదు. కానీ ఆ పని మాత్రం అదే పని. చదువులేనివాళ్ల చేతుల్లో ఇన్ని వేల ఏళ్లు నడిచిన ఆ పనికి మిగిలిన దస్తావేజు ఈ దిబ్బ ఒక్కటే.

5. మా బడి పిల్లలు ఆదిమానవుడి పాఠం చదువుతారు. కిలోమీటరు నడిస్తే ఆ పాఠం కళ్ల ముందుంది. నిరుడు ఇరవై మందిని తీసుకెళ్లాను. ఒక అమ్మాయి చిట్టెం రాయి చేతిలోకి తీసుకుని, "ఇంత గట్టిగా కావాలంటే ఎన్ని రోజులు మండి ఉంటుంది సార్?" అని అడిగింది. నాకు తెలియదన్నాను. పెద్దయ్యాక ఆ అమ్మాయి తెలుసుకోవాలంటే దిబ్బ అక్కడ ఉండాలి కదా.

6. కోసిన చోట నిలువు గొయ్యి పడింది. వానకు నిండితే పశువులు దిగుతాయి, పిల్లలు దిగుతారు. గట్టు జారే మట్టి.

భాషలోనూ ఈ కథ ఉంది. మన పెసలు, కన్నడిగుల హెసరు, తమిళుల పయఱు ఒకే వేరు నుంచి వచ్చిన మాటలు. గింజ ఎంత పాతదో పేరూ అంత పాతదయ్యుండాలి. గింజ దొరికితేనే కదా ఆ పేరు వయసూ తేలేది.

నేను దాచకూడని సంగతి ఒకటుంది. మా నాన్న కూడా ఈ దిబ్బ నుంచి బూడిద తోలాడు. నా చిన్నప్పుడు, రెండెడ్ల బండి మీద, ఏటా రెండు మూడు బండ్లు. చౌడు పట్టిన మడికి మంచిదని. మా ఊళ్లో చాలామంది అదే చేశారు. అదేమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బండ్లతో తోలినన్నాళ్లూ దిబ్బ మీద అక్కడక్కడా గుంతలు పడ్డాయి గానీ దిబ్బ నిలిచింది. ఒక తరం తోలినదానికన్నా మూడు రోజుల్లో యంత్రం ఎక్కువ తోలింది. కాబట్టి బుట్టెడు బూడిద ఎత్తిన రైతును, యంత్రం పెట్టి అమ్ముకున్నవాణ్ణి ఒకే కేసులో ఇరికించవద్దని ముందే వేడుకుంటున్నాను. ఊరు మీకు దూరమైతే దిబ్బను కాపలా కాసేవాళ్లు ఉండరు.

ఇది మా ఒక్క ఊరి గోడు మాత్రమే అనుకోవద్దు. బళ్లారి దగ్గర కుప్గల్ గుట్ట మీద ఆ కాలపువాళ్లు రాళ్లపై ఎద్దుల బొమ్మలు చెక్కారు, కొడితే గంటలా మోగే రాళ్లను వాయించారు. ఆ పక్కనే రాతి గొడ్డళ్లు తయారుచేసిన చోటుంది. కంకర క్వారీలు ఆ గుట్టను తినేస్తున్నాయని పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందటే మొత్తుకున్నారు. మా వైపు పొలాల్లో నున్నటి రాతి గొడ్డళ్లు ఇప్పటికీ దొరుకుతాయి. పిడుగురాళ్లని పేరు పెట్టి వేపచెట్టు కింద అమ్మవారి దగ్గర పెడతారు. జనానికి భక్తి ఉంది. వివరం చెప్పే మనిషే రాలేదు.

చట్టం లేకపోలేదు. 1958 నాటి కేంద్ర చట్టం వందేళ్లు దాటిన పురావస్తు స్థలాల గురించి మాట్లాడుతుంది. రాష్ట్రానికి 1960 నాటి చట్టం ఉంది. వారసత్వాన్ని కాపాడుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఏ అధికరణం చెప్తోంది. నా విధి నేను మూడు అర్జీలతో చేశాను. ఇప్పుడు మీరు చేయాల్సినవి అడుగుతున్నాను.

1. దిబ్బ మీద యంత్రాలను ఈ వారంలోనే ఆపించండి. నోటిమాట చాలదు, రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చి పంచాయతీ గోడకు అతికించండి.

2. సర్వేయరును పంపి హద్దులు కొలిపించి రాళ్లు పాతించండి. రెవెన్యూ రికార్డులో అది బంజరుగానో దిబ్బగానో ఉన్నన్నాళ్లూ ఎవరైనా తోలుకుపోతారు. పురావస్తు స్థలమని రాయించండి. పక్కనున్న నా చేనులో ఎంత వరకు హద్దు పడినా నాకు అభ్యంతరం లేదు. ఆ మాట ఇదే లేఖలో రాసి ఇస్తున్నాను.

3. అన్నిటికన్నా తొందర పని: కోసిన గోడను పరిశీలించడానికి తెలిసినవాళ్లను పంపండి. జరిగిన నష్టం ఎలాగూ జరిగింది. ఆ గోడ ఇప్పుడు పొరలన్నీ విప్పి చూపిస్తోంది. ఫొటోలు తీసి, పొరల పటం గీసి, బొగ్గు, మట్టి నమూనాలు తీసుకుని, తర్వాత మట్టి సంచులతో మూసేస్తే మిగిలింది నిలుస్తుంది. ఆచార్యులారా, దీనికి కోట్లు అక్కర్లేదు. నలుగురు విద్యార్థులు, పది రోజులు. భోజనం, పడక మా ఊరు చూసుకుంటుంది. మట్టిని నీళ్లలో తేల్చడానికి మా చేలో బోరుంది.

4. జిల్లాలో ఇలాంటి దిబ్బలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని మిగిలాయో ఊరూరా తిరిగి జాబితా చేయించండి. గొర్రెల కాపరులను వెంట తీసుకెళ్లండి. ఏ గుట్ట వెనక ఏముందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

5. పొలానికి మట్టి కావాల్సిన చిన్న రైతుకు చెరువు పూడికమట్టి తోలుకోవడానికి తేలికగా అనుమతివ్వండి. అది ఇవ్వకుండా దిబ్బ ముట్టొద్దంటే మాట నిలవదు.

6. ఏం దొరికినా దాని వివరం తెలుగులో మా ఊరికి చెప్పండి. దొరికినవి ఎక్కడో గదిలో తాళం వేసి, నివేదిక ఇంగ్లీషులో అచ్చువేసి ఊరుకుంటే, మళ్లీ మా మనవలు రాక్షసుల బూడిద అనే చెప్పుకుంటారు.

ఈ లేఖ రాసేనాటికి చైత్రం సగం గడిచింది. ఊళ్లో పదిహేను మందిమి కలిసి దిబ్బ చుట్టూ ముళ్లకంప వేశాం, రాత్రిపూట వంతులవారీగా కాపలా ఉంటున్నాం. కోసిన గోడకు పాత టార్పాలిన్ పట్టాలు రెండు కట్టాం, అవి సగానికే సరిపోయాయి. రోహిణి ఎండలు అయ్యాక మృగశిర వానకు గోడ తడిస్తే పొరలు కలిసి జారిపోతాయి, అప్పుడు మీరు వచ్చినా చూసేది ఉండదు. ఆ వానకు ఇంకా రెండు నెలలకు కాస్త అటూఇటూ టైముంది. దారి అడగక్కర్లేదు, బస్సు దిగి బూడిద దిబ్బ అంటే ఎవరైనా తీసుకొస్తారు.

ఇట్లు,
దిబ్బ పక్క చేని రైతు,
ఊరి తరఫున